‘బోన్సాయ్ బ్రతుకు’: కత్తెర ఎవరి చేతిలో ఉంది?



అబ్బూరి ఛాయాదేవి రాసిన ‘బోన్సాయ్ బ్రతుకు’ కథను ముందుగా ఒకసారి చదివి, ఆ తరువాతే ఈ విమర్శను చదవండి. ఈ కథ చిన్నదే. కాని బాల్యంలో మనల్ని ఆడపిల్లగానో మగపిల్లవాడిగానో తీర్చిదిద్దే పద్ధతి గురించి ఇది వేసిన ప్రశ్న ఇంకా పాతబడలేదు.

1. కథా సంగ్రహం

నగరంలో ఉద్యోగం చేస్తున్న చెల్లెలి ఇంటికి పల్లెటూరి నుంచి అక్కయ్య వస్తుంది. అక్కయ్య చదువు చిన్నతనంలోనే ఆగిపోయింది. చెల్లెలు పెద్ద చదువు చదువుకుంది. తాను శ్రద్ధగా పెంచిన తురాయి బోన్సాయ్‌ని చెల్లెలు గర్వంగా చూపిస్తుంది. అక్కయ్యకు అది ముచ్చటగా తోచదు. గాలివాన వచ్చినప్పుడు కుండీలోని తురాయిని కాపాడుకోవలసి వస్తుంది. వీధిలోని తురాయి కిందనేమో జనం తలదాచుకుంటారు. ఆడపిల్ల, మగపిల్లవాడి పెంపకాల మధ్య తేడా కూడా ఇలాంటిదేనని అక్కయ్య అంటుంది.

2. తరచుగా కనిపించే సమాధానం

ఎన్నో ఏళ్ళు జవాబు పత్రాలు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను. “అక్కయ్య బోన్సాయ్, చెల్లెలు స్వేచ్ఛగా ఎదిగిన చెట్టు” అని చాలామంది రాస్తారు. ఈ సమాధానం సగం దూరమే వెళుతుంది. బోన్సాయ్ ఎవరి ఇంట్లో ఉందో గమనించండి. చదువుకున్న చెల్లెలి ఇంట్లో ఉంది. దాన్ని అలా పెంచిందీ ఆమే. చదువు ఆమెకు ఉద్యోగం ఇచ్చింది గాని, తాను చేస్తున్న పనిలోని అర్థాన్ని చూపించలేదు. చదువు ఆగిపోయిన అక్కయ్యే దాన్ని చూడగలిగింది. కథకు బలం ఇక్కడుంది.

మరో సంగతి. చెల్లెలికి ఆ మొక్క మీద ద్వేషం లేదు, ప్రేమే ఉంది. మన ఇళ్ళలోనూ అంతే. “గట్టిగా నవ్వకు”, “చీకటి పడేలోగా ఇంటికి రా” అనే అమ్మలూ నాన్నలూ పగతో అనరు. ప్రేమతో చేసే కత్తిరింపు కనుకనే దాన్ని గుర్తించడం కష్టం.

3. స్వభావమా, పెంపకమా?

బోన్సాయ్ అనేది ప్రత్యేకమైన పొట్టి జాతి కాదు. మామూలు మొక్కనే తీసుకుని, వేళ్ళూ కొమ్మలూ కత్తిరిస్తూ, తీగ చుట్టి వంచుతూ, కొద్దిపాటి మట్టిలో పెంచుతారు. చూసినవారు మాత్రం దాని పొట్టితనమే దాని స్వభావమనుకుంటారు. “ఆడపిల్లలు సహజంగానే బెరుకు” అనే మాట కూడా ఇలాంటిదే. స్త్రీత్వం పుట్టుకతో సిద్ధంగా వచ్చేది కాదని, సమాజంలో రూపొందేదని సిమోన్ ద బోవా 1949లో ‘ద సెకండ్ సెక్స్’లో సిద్ధాంతపరంగా వాదించింది. ఛాయాదేవి ఆ ఆలోచనకు దగ్గరగా ఉన్న అనుభవాన్ని ఇద్దరు అక్కచెల్లెళ్ళ మాటల్లో పెట్టింది.

4. పోలికకున్న హద్దులు

మంచి కథనైనా ప్రశ్నించడం విమర్శకుని పని. వీధిలోని చెట్టు గొప్పతనాన్ని కథ దేనితో కొలుస్తోంది? అది పదిమందికి నీడనివ్వడంతో. అంటే ఇతరులకు ఉపయోగపడితేనే ఎదుగుదలకు విలువా? ఆడపిల్ల తన కోసం తాను ఎదగకూడదా? పైగా, గాలివానలో ఆ చెట్టును ఎవరూ లోపలికి తీసుకురారు. “మగవాడివి, ఏడవకూడదు” అని పెంచిన పిల్లవాడి బాధ ఈ పోలికలో కనిపించదు.

చివరగా, బోన్సాయ్ మాట్లాడలేదు. అక్కయ్య మాట్లాడింది. తన వేళ్ళు ఎక్కడ తెగాయో చెప్పగలిగిన మనిషి పూర్తిగా బోన్సాయ్ కాదు. పోలిక ఆగిపోయిన చోట అక్కయ్య అనే మనిషి మనకు కనిపిస్తుంది.

5. ఆలోచించి రాయండి

మీలో కొందరు పెళ్ళి వల్లనో, పనుల వల్లనో ఆగిన చదువును మళ్ళీ మొదలుపెట్టి ఉండవచ్చు. ఈ కథ మీకు బయటిది కాదు. చిన్నప్పుడు “నువ్వు ఆడపిల్లవి” లేదా “నువ్వు మగపిల్లవాడివి” అంటూ మీ చేత మాన్పించిన ఒక పనిని గుర్తుచేసుకుని పది వాక్యాలు రాయండి. తరువాత ఇంకొక్క వాక్యం చేర్చండి: ఈ రోజు మీ ఇంట్లో కత్తెర ఎవరి చేతిలో ఉంది?