కట్ట నుంచి స్థానానికి: తొలి తరగతుల లెక్కింపు ఆటపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో, ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ ప్రాంతపు తండాల్లో లంబాడీ, అటవీ గూడేల్లో కోయ ఇంటిభాషలుగా ఉన్నాయి. రాష్ట్రంలో 2022 ఆగస్టు 15న ప్రారంభమైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ప్రాథమిక తరగతుల పిల్లలందరికీ చదవడం, రాయడంతో పాటు చతుర్విధ ప్రక్రియలు రావాలన్న లక్ష్యంతో సాగింది. ఈ ప్రక్రియలన్నిటికీ స్థానవిలువే పునాది. అది బోధపడని పిల్లవానికి కూడికలో ‘చేతిలో ఒకటి’ అన్నమాట ఒక మంత్రంగానే మిగులుతుంది. ఆ ఒకటి నిజానికి పది అన్న సంగతి తెలియదు. స్థానవిలువ బోధనకు విరివిగా వాడే పుల్లల కట్టల ఆట ఈ పునాదిని ఎంతవరకు వేయగలదో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కట్టల ఆట: సాధించేది, సాధించలేనిది

ఆట సులభమైనది. పిల్లలు పాచిక వేసి, పడినన్ని పుల్లలు తీసుకుంటారు. పది కాగానే కట్ట కడతారు. పది కట్టలైతే వంద. పది విడి వస్తువులను ఒకే ప్రమాణంగా చూడగలగడం ఇందులో పిల్లలు సాధించే విజయం. దీన్ని తక్కువ చేసి చూడరాదు.

అయితే ఈ ఆటలో స్థానానికి పనే లేదు. కట్టను కుడివైపు పెట్టినా, ఎడమవైపు పెట్టినా దాని విలువ పదే. భూపాలపల్లి అడవుల్లో వేసవిలో తునికాకు సేకరించే కుటుంబాల పిల్లలకు ఇది అనుభవపూర్వకంగా తెలుసు. 50 ఆకుల కట్టను కల్లంలో ఏ వరుసలో పేర్చినా అది 50 ఆకుల కట్టే. అంకెల రాతలో మాత్రం 3 అన్న గుర్తు మారకుండానే, దాని చోటును బట్టి మూడు, ముప్పై, మూడు వందలు అవుతుంది. కట్టలో విలువ కంటికి కనిపిస్తుంది. అంకెలో అది చోటులో దాగి ఉంటుంది. ఈ అంతరాన్ని దాటించే మెట్టు కట్టల ఆటలో లేదు.

కాన్‌స్టెన్స్ కమీ 1980లలో చేసిన పరిశీలనలు ఈ సందర్భంలో గమనార్హం. 16 వస్తువులను చూపి, ఆ సంఖ్యలోని 1 ఎన్నిటిని తెలుపుతుందని అడిగితే తొలి తరగతుల పిల్లల్లో అనేకులు ఒక్క వస్తువునే చూపారు. ‘37లో 3 స్థానవిలువ ఎంత?’ అన్న ప్రశ్నకు ‘30’ అన్న జవాబును కంఠస్థం చేయించవచ్చు. కనుక ఆ జవాబు అవగాహనకు నిదర్శనం కాజాలదు.

మాట, రాత, సున్న

తెలుగు సంఖ్యానామాలు విలువను చెబుతాయి, స్థానాన్ని చెప్పవు. ‘నూట ఐదు’ విన్న పిల్లవాడు 1005 అని రాయడం అజ్ఞానం కాదు; విన్నది విన్నట్టు రాయడమే. పదుల స్థానం ఖాళీ అన్న విషయం మాటలో వినిపించదు. దాన్ని తెలిపేది రాతలోని సున్న మాత్రమే. ‘హళ్లికి హళ్లి, సున్నకు సున్న’ అన్న సామెత ఇక్కడ స్మరణీయం. పాత తెలుగు భిన్నాంకాల రాతలో ఖాళీ స్థానానికి ఒకచోట హళ్లి, మరొకచోట సున్న రాసేవారు. ఏమీ లేకపోవడాన్ని కూడా దాని చోటును బట్టి గుర్తించిన సంప్రదాయమిది. ఇక ఇండో-ఆర్య కుటుంబానికి చెందిన లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగు సంఖ్యానామాలే కొత్తవి. వారి విషయంలో ఇంటిభాషలో లెక్కించనివ్వడం మొదటి మెట్టు కావాలి.

గుంటల ఆట: ఒక ప్రతిపాదన

వామనగుంటల ఆటలో గింజలన్నీ ఒకటే, గుంటలే వేరు. ఈ లక్షణాన్ని స్థానవిలువ బోధనకు మలచుకోవచ్చు. నేలపై వరుసగా మూడు గుంటలు చేసి, కుడివైపు చివరిదాన్ని ఒకట్లకు, తరువాతి వాటిని పదులకు, వందలకు కేటాయించాలి. గవ్వలు వేసి, పడినన్ని చింతగింజలను ఒకట్ల గుంటలో వేయాలి. ఒక గుంటలో పది చేరగానే వాటిని తీసి కుప్పలో కలిపి, ఎడమ గుంటలో ఒకే గింజ వేయాలి. ప్రతి వంతు చివర పలకపై సంఖ్య రాయాలి. ఖాళీ గుంటకు సున్న తప్పనిసరి. ఇక్కడ గింజకు విలువనిచ్చేది గుంటే తప్ప మరొకటి కాదు.

రెండు జాగ్రత్తలు అవసరం. వామనగుంటల్లో వలె ఎదురెదురుగా కూర్చుంటే ఒకరికి ఒకట్ల గుంట ఎడమవైపు కనిపిస్తుంది. కాబట్టి పిల్లలందరూ ఒకేవైపు కూర్చోవాలి. రెండవది, కట్టల అనుభవం లేకుండా నేరుగా గుంటలకు వస్తే, పది గింజలిచ్చి ఒకటి పుచ్చుకోవడం అర్థంలేని నియమమవుతుంది, నష్టంగా కూడా తోస్తుంది.

ముగింపు

కట్టల ఆట తప్పు కాదు, అసంపూర్ణం. కట్ట ‘పది ఒకటి ఎలా అవుతుంది’ అన్నదాన్ని నేర్పుతుంది. గుంట ‘ఆ ఒకటి ఎక్కడ ఉంటే పది అవుతుంది’ అన్నదాన్ని నేర్పుతుంది. మొదటిదానితో ఆగి, రెండవదాన్ని నల్లబల్లపై గీసిన పట్టికకు వదిలేయడమే ప్రస్తుత బోధనలోని లోపం. బహుభాషా నేపథ్యమున్న ఈ మూడు జిల్లాల తరగతి గదుల్లో ఈ లోపాన్ని పూరించడానికి కావలసిన సామగ్రి కొన్ని చింతగింజలు, ఒక పలక మాత్రమే. ‘చేతిలో ఒకటి’ అన్న పిల్లవాణ్ణి ‘ఆ ఒకటి ఎంత?’ అని అడిగినప్పుడు, అతడు పదుల గుంటను చూపగలిగిన నాడే ఆట ఫలించినట్టు.