రుజువు కాలేదంటే అబద్ధమనేనా?

పరిశోధన చేస్తున్న రోజుల్లో నా తోటి స్కాలర్ ఒకామె తన గైడ్ మీద ఫిర్యాదు రాసింది. దాన్ని సాపు రాసి పెట్టింది నేనే. విచారణ కమిటీ చివరికి 'ఆరోపణలు రుజువు కాలేదు' అని ఒక్క వాక్యం రాసి ఫైలు మూసేసింది. మర్నాటికల్లా డిపార్ట్‌మెంటులో ఆ వాక్యం 'అబద్ధం చెప్పిందట' అయిపోయింది. నేను నోరు విప్పలేదు. నా థీసిస్ ఇంకా సబ్మిట్ చేయాలి మరి! ఒక్కో పదం మీద పేజీలకు పేజీలు రాసినదాన్ని, ఆ రెండు వాక్యాలకూ ఉన్న తేడా మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను.

న్యాయమూర్తుల తొలగింపు గురించి చదువుతుంటే ఆ వాక్యమే మళ్లీ ఎదురైంది. అందుకే ఈ చట్టాన్ని కూడా ఒక రచనను చదివినట్టే చదవాలనిపించింది.

ముందు మాటల సంగతి చూద్దాం. పత్రికల్లో మనం 'అభిశంసన' అని చదువుతుంటాం గానీ రాజ్యాంగం ఆ మాటను రాష్ట్రపతి విషయంలోనే, 61వ అధికరణంలో వాడింది. న్యాయమూర్తుల గురించి 124(4)లో ఉన్నది 'తొలగింపు'. అందుకు కారణాలు రెండే. రుజువైన దుష్ప్రవర్తన, లేదా అశక్తత. దుష్ప్రవర్తన అంటే ఏమిటో రాజ్యాంగం నిర్వచించలేదు. ఆడపిల్ల ఇంటికి ఆలస్యంగా వస్తే చాలు, ప్రవర్తన మంచిది కాదనేస్తారు. న్యాయమూర్తి దగ్గరకొచ్చేసరికి ఆ మాట ముందు 'రుజువైన' అనే విశేషణం కాపలా కాస్తోంది.

ఆ కాపలా మామూలుది కాదు. 1968 నాటి న్యాయమూర్తుల విచారణ చట్టం ప్రకారం లోక్‌సభలో 100 మంది గానీ రాజ్యసభలో 50 మంది గానీ సంతకాలు చేసి నోటీసివ్వాలి. దాన్ని అనుమతిస్తే ముగ్గురు సభ్యుల కమిటీ విచారిస్తుంది. తప్పు లేదని కమిటీ తేలిస్తే అక్కడితో సరి. ఉందంటే ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగం మందికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. 1993లో జస్టిస్ వి. రామస్వామి మీద చాలా ఆరోపణలు రుజువయ్యాయని కమిటీ చెప్పినా, లోక్‌సభలో 196 మంది అనుకూలంగా ఓటేస్తే 205 మంది తటస్థంగా ఉండిపోయారు. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడకుండానే తీర్మానం వీగిపోయింది. 2011లో రాజ్యసభ తన తొలగింపును ఆమోదించాక, లోక్‌సభ దాకా రానీయకుండా జస్టిస్ సౌమిత్ర సేన్ రాజీనామా చేశారు. 1950 నుంచి 2025 దాకా ఈ పద్ధతిలో పదవి పోయిన న్యాయమూర్తి ఒక్కరూ లేరు.

ఈ కాపలా అక్కర్లేదని నేననను. ప్రభుత్వానికి నచ్చని తీర్పు ఇచ్చినందుకు న్యాయమూర్తిని పీకేయగలిగితే మొదట నష్టపోయేది మనలాంటి వాళ్లమే. అది ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నదే నా ప్రశ్న.

గ్వాలియర్‌లో అదనపు జిల్లా జడ్జిగా పనిచేస్తున్న ఒకామెను 2014 జులైలో, విద్యా సంవత్సరం మధ్యలో, సిధికి బదిలీ చేశారు. కూతురి చదువు కోసం కొన్ని నెలలు ఆగమన్నా వినలేదు. ఆమె రాజీనామా చేసింది. హైకోర్టు న్యాయమూర్తి ఒకరు తనను లైంగికంగా వేధించారని ఫిర్యాదు చేసింది. 2015లో 58 మంది రాజ్యసభ సభ్యులు తొలగింపు నోటీసిచ్చారు. వేధింపుల ఆరోపణ రుజువు కాలేదని 2017లో కమిటీ నివేదిక చెప్పింది. బదిలీ జరిగిన తీరును మాత్రం తప్పుపట్టింది. ఆయన విషయం అక్కడితో ముగిసింది.

ఆయన దోషి అని నేను అనడం లేదు. కానీ ఇద్దరూ న్యాయమూర్తులే కదా. ఆయన్ని కదిలించాలంటే పార్లమెంటు రెండు సభలూ కావాలి. ఆమె జీవితం తల్లకిందులు కావడానికి ఒక్క బదిలీ ఉత్తర్వు సరిపోయింది. పైగా ఈ ప్రక్రియ అంతా ఆయన కుర్చీ ఉంటుందా పోతుందా అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. అందులో ఆమె సాక్షి మాత్రమే. తన గోడు కోసం ఆమె విడిగా సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఆ కోర్టు, ఆ రాజీనామా ఇష్టపూర్వకంగా చేసింది కాదంటూ ఉద్యోగం తిరిగి ఇప్పించింది, పాత జీతం మాత్రం లేకుండా. అప్పటికి ఏడేళ్లు దాటిపోయాయి. 'రుజువు కాలేదు' దగ్గరే మనం చదవడం ఆపేసి ఉంటే ఆమె కథలో ఈ సగం మనకు తెలిసేదే కాదు.

నా స్నేహితురాలి విషయంలో నేను అక్కడే ఆపేశాను. రుజువు కాలేదన్నది కమిటీ మాట, అబద్ధమన్నది మనం కలిపిన మాట అని ఆ రోజు డిపార్ట్‌మెంటులో నేను అనాల్సింది. ఆమె పరిశోధన మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయింది. నా పేరు ముందు డాక్టర్ చేరింది. ఇది అచ్చయ్యాక ఆమెకు ఒక ప్రతి పంపుతాను. చదువుతుందో లేదో తెలియదు.