వైద్య పరిశోధకుడి విలువ ఎంత?

వైద్య కళాశాలల్లో పదోన్నతి కోరే అధ్యాపకుడు తన పరిశోధన మొత్తాన్ని ఒక్క అంకెలో చెప్పాలని అడిగే దరఖాస్తు ఫారాలు కనిపిస్తున్నాయి. అటువంటిది ఒకటి ఈ వారం కంటబడి కలిగించిన చికాకే ఈ వ్యాసానికి కారణం.

ఆ ఫారం అడిగేది హెచ్-ఇండెక్స్. ఒక పరిశోధనా పత్రాన్ని మరొకరు తమ పత్రంలో ఆధారంగా పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. ఒకరి పత్రాల్లో ఇరవై, ఒక్కొక్కటి కనీసం ఇరవైసార్లు అలా పేర్కొనబడి, ఇరవై ఒకటికి ఆ లెక్క కుదరకపోతే ఆయన సూచిక 20 అవుతుంది. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ కొలత, పత్రంలో ఎవరు ఎంత పని చేశారో అడగదు, వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు, రచయితలు ఎక్కువగా ఉన్న రంగానికి సహజంగానే మొగ్గుతుంది.

ఈ కొలత దేన్ని వదిలేస్తుందో వరంగల్ ఉదాహరణతో చూద్దాం: జిల్లాలోని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషప్రభావంతో చేరిన 8,040 మంది వివరాలను పరిశీలించి, వారిలో 22.6 శాతం మంది మరణించారని, 2002 నాటి మరణాల్లో ఏ మందో తెలిసిన వాటిలో అధికభాగానికి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ కారణమని తేల్చిన అధ్యయనం 2005లో ఒక అంతర్జాతీయ పత్రికలో వెలువడింది. పత్తి పండే నేలకు ఇంతకన్నా అవసరమైన పరిశోధన అరుదు. అయితే సైటేషన్ పత్రాలు రాసేవారి మధ్య సాగే లెక్క కనుక, అటువంటి పత్రం చదివి విరుగుడు మందు మోతాదు సరిచూసుకుని ఒక ప్రాణం నిలబెట్టిన డ్యూటీ డాక్టరు ఆ లెక్కలోకి రాడు.

ఈ లెక్కకు అందేదేదో, అందనిదేదో తెలియాలంటే భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని చూడాలి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రచురించిన పత్రం, రక్తం వంటి నమూనాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ అందించి, జీవరసాయన శాస్త్రంలో అత్యధిక సైటేషన్లు పొందిన పత్రాల్లో ఒకటిగా నిలిచింది. ఆ తర్వాత లెడర్లీ ఔషధ సంస్థలో ఆయన పరిశోధక బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు తాత్కాలికంగానైనా ఉపశమనం సాధించి 1948లో ప్రకటించినప్పుడు, ఆ పత్ర రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. బోదకాలు నివారణకు తెలుగు పల్లెల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపిన పరిశోధన నుంచే వచ్చింది. ఆ మాత్ర మింగినవారిలో ఆయన పేరు విన్నవారు ఎందరుంటారు? ఫార్బర్ పత్రానికి వచ్చిన సైటేషన్లు ఆయన ఖాతాలో చేరలేదు, కొలిచే పద్ధతికి వచ్చినవి చేరాయి.

ఇంతవరకు వచ్చాక, అంకెలను పక్కనపెట్టి ఎరిగినవారి తీర్పునే నమ్మాలని అనిపించడం సహజం. కానీ సుబ్బారావు పనిని దగ్గరనుంచి ఎరిగిన హార్వర్డ్ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. ఆయన 1940లో లెడర్లీకి వెళ్లిపోయారు. ఆయన ముఖం ఎన్నడూ చూడని పరిశోధకులు మాత్రం దశాబ్దాల పాటు తమ పత్రాల్లో ఆయన పేరు రాస్తూనే ఉన్నారు. సిఫారసు లేకుండా, రాజధానిలో అండ లేకుండా వరంగల్‌లో పనిచేసే వైద్యుడికి కూడా అపరిచితులు ఇచ్చే ఆ సాక్ష్యమే కొన్నిసార్లు ఏకైక బలం. కాబట్టి ఫారంలో హెచ్-ఇండెక్స్ అడిగే గడిని కొట్టివేయమనడం అన్యాయం.

అంకె ఉండాలి, కానీ ఒంటరిగా ఉండకూడదు. దరఖాస్తుదారు తనకు ముఖ్యమనిపించిన మూడు పత్రాలు, వాటిలో తాను చేసిన పని, వాటివల్ల చికిత్సలో వచ్చిన మార్పు రాసివ్వాలి. ఎంపిక సంఘాల సభ్యులకు ఒక్క విన్నపం: ఆ మూడు పత్రాలను చదివిన తర్వాతే సంతకం చేయండి.