లెక్కకు రాని గదులు – ప్రాంగణాల మాస్టర్ ప్లాన్ మీద ఒక విమర్శ

తెలుగు పీఠం వెలువరించే పత్రికలో మాస్టర్ ప్లాన్ ప్రసక్తి ఏమిటని విద్యార్థులు అడగవచ్చు. ఛందస్సు, మాండలికాలు, కథానిక, అనువాదం మనకు అలవాటైన విషయాలు. మాస్టర్ ప్లాన్ ఇంజనీరింగు శాఖవారి బీరువాలో ఉండే వస్తువు. అయితే అది కూడా ఒక రచనే. దానికి ఒక రచయిత ఉంటాడు, ఒక పదజాలం ఉంటుంది, చెప్పినవి, చెప్పకుండా వదిలేసినవి ఉంటాయి. అందువల్ల దానిని కూడా ఒక గ్రంథాన్ని చదివినట్టే చదవవచ్చు, విమర్శించవచ్చు. ఆంధ్రదేశానికి వెలుపల తెలుగు చదువుకుంటున్న మనకు ఆ విమర్శ అవసరం మరీ ఎక్కువని నా అభిప్రాయం. ప్రాంగణం పెరిగినప్పుడల్లా మొదట కదిలేది చిన్న శాఖలే.

ఉదాహరణకు కొరాపుట్ ప్రాంతాన్ని తీసుకుందాం. పటంలో దసమంతపూర్ ఎక్కడుందో చూడండి. కొరాపుట్ జిల్లాలో అదొక బ్లాకు కేంద్రం. 1992లో అవిభక్త కొరాపుట్ నాలుగు జిల్లాలయింది, రాయగడ వేరుపడింది. కాని భాషల పటం ఆ గీతలను పాటించలేదు. దేశియ ఒడియా, కువి, తెలుగు, ఇంకా ఎన్నో భాషలు ఆ కొండలలో ఒకే సంతలో వినిపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం కొరాపుట్ జిల్లా అక్షరాస్యత 49 శాతం మాత్రమే. ఒడిశా మొత్తానికి అది దాదాపు 73 శాతం. అంటే ఇక్కడ కళాశాల మెట్టెక్కే విద్యార్థి చాలా ఇళ్ళలో మొదటి తరం విద్యార్థి. ప్రాంగణం పెరుగుదల అనే మాటకు ఇక్కడ ఉన్న అర్థం విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉన్న అర్థం కాదు.

ఈ ప్రాంతానికీ తెలుగు విశ్వవిద్యాలయ చరిత్రకూ ఉన్న బంధాన్ని మన విద్యార్థులు చాలామంది ఎరుగరు. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు కొండమీద నిలదొక్కుకోవడానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవారు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ. అక్కడి శాస్త్ర, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆయన ఒడియాలోనూ తెలుగులోనూ కవిత్వం చెప్పినవారు. 1947లో ఆయన ఊళ్ళోనే, జయపురంలో, కళాశాల వచ్చింది. తరువాత దానికీ ఆయన పేరే స్థిరపడింది. అది 2023లో విక్రమదేవ్ విశ్వవిద్యాలయమయింది. ఈలోగా, 2009లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం కొరాపుట్‌లోని లాండిగుడలో తాత్కాలికంగా మొదలై, సునాబేడలో శాశ్వత ప్రాంగణం ఏర్పరచుకుంది.

ఈ రెండూ రెండు రకాల పెరుగుదలకు నమూనాలు. ఒకటి కళాశాల కోసం కట్టిన చోటనే విశ్వవిద్యాలయం ఇమడవలసి రావడం. ఇంకొకటి కొత్త నేల మీద మొదటినుంచి గీసుకోవడం. మొదటి రకంలో పాత గోడలు అడ్డం వస్తాయి, రెండవ రకంలో అనుభవం లేకపోవడం అడ్డం వస్తుంది. ప్లాను సవరణ అనే పని రెండింటికీ తప్పదు. 2020 జాతీయ విద్యావిధానం ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తిని 2035 నాటికి 50 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టింది. ఆ విధానం వచ్చేనాటికి అది 26 శాతం దగ్గర ఉంది. కాబట్టి ప్రాంగణాలు పెరగాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. పెరిగేటప్పుడు ఎవరిని లెక్కించి పెంచుతున్నారు అన్నదే ప్రశ్న.

ఇక్కడ ఒక మాట చరిత్ర చెప్పాలి. ‘పోరంబోకు’ అనే మాట మనం తిట్టుగా వాడుతాము. పనీపాటా లేనివాడని అర్థం. తమిళంనుంచి వచ్చిన ఈ మాటకు రెవెన్యూ దస్తావేజులలో ఉన్న అర్థం వేరు: శిస్తు లెక్కకు వెలుపల ఉంచిన భూమి. చెరువుగట్టు, శ్మశానం, బండ్లబాట, పశువుల బీడు, అన్నీ పోరంబోకులే. అంటే ఊరంతా వాడుకునేవే. శిస్తు రాదు కనుక లెక్కలో లేదు, లెక్కలో లేదు కనుక విలువ లేదు, విలువ లేదు కనుక పనికిమాలినది. అర్థం ఈ మెట్లమీదుగా దిగజారింది. మాస్టర్ ప్లాన్లలో జరిగే తప్పు సరిగ్గా ఇదేనని నా వాదం. లెక్కలో పడనిదాన్ని ఖాళీ అనుకోవడం దాని ప్రధాన దోషం.

దీనికి పెద్ద ఉదాహరణ హైదరాబాదులో ఉంది. ఆరుసూత్రాల పథకం ఫలితంగా 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలయింది. తరువాత గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరాల రాతినేల దానికి కేటాయించారు. అప్పట్లో అది ఊరికి దూరం. నగరం అటువైపు పెరిగిన కొద్దీ ఆ నేలలోంచి భాగాలు ఇతర అవసరాలకు పోతూ వచ్చాయి. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను 2003 ప్రాంతంలో ఒక క్రీడా సంస్థకు కేటాయించి, 2006లో రద్దు చేశారు. కోర్టు వివాదం 2024లో రాష్ట్ర ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి చివర అక్కడ యంత్రాలతో చెట్లు తొలగించడం మొదలయినప్పుడు విద్యార్థులు ఎదురు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించింది. యాజమాన్యం ఎవరిదన్న చర్చలోకి నేను పోను. భాషాశాస్త్ర విద్యార్థిగా నేను గమనించినది ‘ఖాళీ స్థలం’ అనే మాటను. బండలు, కుంటలు, నెమళ్ళు, జింకలు ఉన్న నేలను కాగితం ఖాళీ అంటుంది. ‘కంచ’ అనే తెలుగు మాట మాత్రం అలా అనదు. పశువులు మేసే బీడు అని దాని వాడుకను కూడా చెబుతుంది.

ఇంకొక ఉదాహరణ ఉస్మానియా. 1918లో స్థాపితమై, అద్దె భవనాలలో తరగతులు నడిపిన ఆ విశ్వవిద్యాలయం అడిక్‌మెట్ నేలకు వచ్చేముందు పాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకుంది. 1914లో మన దేశానికి వచ్చిన గెడ్డెస్ పదేళ్ళలో అనేక నగరాల మీద నివేదికలు రాశాడు. ముందు నడిచి చూడు, తరువాత గీయి అన్నది ఆయన పద్ధతి. ఉన్న ఊరిని కూల్చి తిన్నగా చేయడం కాదు, వీలయినంత తక్కువ కోతతో బాగుచేయడం ఆయన సిద్ధాంతం. 1934లో శంకుస్థాపన జరిగి, 1939 డిసెంబరులో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనాన్ని చూసి మెచ్చుకోనివారు లేరు. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పాలన్న సంకల్పం ఆ ప్రాంగణం వెనుక ఉంది. కాని ఆ దేశభాష ఉర్దూ ఒక్కటే. సంస్థానంలో అత్యధికులు ఇంట్లో మాట్లాడినవి తెలుగు, మరాఠీ, కన్నడం. రాయప్రోలు సుబ్బారావు గారు అక్కడ తెలుగు ఆచార్యులుగా ఉన్నారు నిజమే, అయినా తెలుగు ఒక పాఠ్యాంశమే తప్ప మాధ్యమం కాదు. సదుద్దేశంతో గీసిన గొప్ప ప్లాను కూడా కొందరినే లెక్కించగలదని దీనివల్ల తెలుస్తుంది. భవనం నిలిచింది, మాధ్యమం మారింది. అందువల్ల గోడలకంటె ముందు సవరించవలసినది లెక్కించే పద్ధతి.

స్వానుభవం ఒకటి చెబుతాను. నేను కొంతకాలం పనిచేసిన ఒక విశ్వవిద్యాలయంలో, దాని పేరు ఇక్కడ అనవసరం, పెరుగుతున్న సంఖ్యకు తగినట్టు మాస్టర్ ప్లాన్ సవరించారు. మా శాఖకు చివరి వరండాలో ఒక గది ఉండేది. కొండ గ్రామాలలో రికార్డు చేసుకువచ్చిన క్యాసెట్లు, పదపట్టికల కార్డుల పెట్టెలు అందులో ఉండేవి. కొత్త ప్లాను కాగితం వచ్చినప్పుడు చూస్తే ఆ గది మీద ‘గోదాము’ అని రాసి ఉంది. ఎవరికీ దురుద్దేశం లేదు. సర్వేకు మే నెలలో, సెలవుల్లో వచ్చారు. గదికి తాళం ఉంది. కిటికీలోంచి పెట్టెలు కనిపించాయి, గోదామని రాసుకున్నారు. రెండేళ్ళ తరువాత ఆ పెట్టెలు మెట్ల కిందికి చేరాయి. ఒక వానాకాలం గడిచేసరికి కొన్ని క్యాసెట్లు పనికిరాకుండా పోయాయి. వాటిలో గొంతులు వినిపించిన ముసలివాళ్ళు అప్పటికే లేరు. నేను ఆ ప్లానును ముసాయిదాగా ఉన్నప్పుడు చదవలేదు. అది నా పని కాదనుకున్నాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ తప్పే.

కాగా, ప్లాను గీసేవారి పక్షాన కూడా చెప్పవలసినది ఉంది. వారికి ఇచ్చేది సంఖ్యలే: ఇన్ని సీట్లు, ఇన్ని చదరపు మీటర్లు, ఇంత సొమ్ము, ఫలానా తేదీలోగా. అందరినీ అడుగుతూ కూర్చుంటే నిధులు వెనక్కు పోతాయి. అడిగితే ప్రతి శాఖా రెండింతలు కోరుతుంది. నేల తక్కువైన చోట చిన్న శాఖలన్నింటికీ వేరు గదులు ఇవ్వడం సాధ్యమూ కాదు. ఈ వాదంలో నిజం ఉంది. పది మంది విద్యార్థులున్న శాఖ వంద మంది ఉన్న శాఖతో సమంగా జాగా అడగడం న్యాయం కాదని నేనూ ఒప్పుకుంటాను. కాని జాగా తక్కువ ఇవ్వడం వేరు, ఉన్నదానిని లేదని రాయడం వేరు. మొదటిది నిర్ణయం, దాన్ని ప్రశ్నించవచ్చు. రెండవది పొరపాటు, దానిని ప్రశ్నించడానికి ఆధారం కూడా మిగలదు.

ఈ సందర్భంలో మన రంగంలోని ఒక పని గుర్తు చేసుకోవాలి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం వచ్చింది. నిఘంటువులనుంచి నిఘంటువు తయారుచేయలేదు. రైతుల దగ్గరకు వెళ్ళి, నాగలిలో ప్రతి భాగాన్నీ చూపించి, దీన్ని మీరేమంటారని అడిగి రాసుకున్నారు. చేనేత, గృహనిర్మాణం వంటి వృత్తులకూ తరువాత ఇదే పద్ధతి పాటించారు. కొరాపుట్ ప్రాంతంలోనూ వినిపించే కొండ భాష మీద గ్రంథం రాసిన ఆయనే 1986 నుంచి 1993 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు. అడిగి రాసుకోవడం ఆలస్యమవుతుందని ఎవరూ ఆ పదకోశాన్ని మానుకోలేదు. ప్రాంగణాన్ని కూడా అలాగే చదవాలి. పరీక్షల ముందు రాత్రి విద్యార్థులు ఎక్కడ కూర్చుంటారు? శనివారం హాస్టలు మెస్సు మూసినప్పుడు ఎక్కడ తింటారు? వానలో ఏ దారిన నడుస్తారు? కొరాపుట్ పీఠభూమి మీద ఏటా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అక్కడ కప్పు ఉన్న నడవా అలంకారం కాదు, హాజరుకు సంబంధించిన విషయం.

దసమంతపూర్ వైపునుంచి వచ్చిన కువి విద్యార్థిని ఒకామె ఒకసారి నాతో అన్నది: “సార్, సీటు దొరికింది, మంచం దొరకలేదు.” ప్లానుల మీద నేను విన్న విమర్శలలో ఇంతకంటె సూటి అయినది లేదు. తరగతి గదులు ముందు, వసతి రెండవ దశలో అని ఆ కాగితంలో ఉంది. ఊళ్ళో బంధువులున్నవారికి ఆ వరుస సరిపోతుంది. కొండ దిగి వచ్చినవారికి వసతి లేకపోతే సీటు ఉన్నా లేనట్టే. కువిలో ఇంటిని తెలుగు ‘ఇల్లు’కు సోదరపదమైన మాటతోనే పిలుస్తారు. భాషలు ఇంత దగ్గరివైనా ఆ అమ్మాయికి ప్రాంగణం ఇల్లు కాలేకపోయింది. చివరికి ఒక ఉద్యోగి ఇంట్లో వంట చేసిపెడుతూ ఆమె ఎం.ఏ. పూర్తిచేసింది. దీన్ని ఆమె పట్టుదలకు నిదర్శనంగా చెప్పుకోవడం మనకు సులువు. కాని అది ప్లానులో జరిగిన పొరపాటు, ఆ ఖర్చు ఆమె భరించింది.

కాబట్టి విద్యార్థులకు నేను సూచించేవి మూడే. మీ విద్యాసంస్థ మాస్టర్ ప్లాన్ సవరిస్తున్నదని తెలిస్తే ముసాయిదా అడిగి చూడండి. అందులో మీ శాఖ గది మీద ఏ పేరు రాసి ఉందో చదవండి, తప్పయితే తేదీ వేసి ఉత్తరం రాసి, నకలు దాచుకోండి. సర్వే సెలవుల్లో కాక తరగతులు జరిగేటప్పుడు చేయమని కోరండి. వసతి ఏ దశలో ఉందో చూసి, తరగతి గదులతోపాటే కట్టమని అడగండి.

ఈ మూడింటిలో ఏదీ సాహిత్య విమర్శ కాదని అనిపించవచ్చు. కాని ఒక కాగితాన్ని జాగ్రత్తగా చదివి, అందులో లేనిదేమిటో చెప్పగలగడమే మనం ఇన్నేళ్ళుగా తరగతిలో నేర్చుకున్న విద్య. మెట్ల కింద తడిసిన క్యాసెట్లను నేను తిరిగి తెచ్చుకోలేను. మీ గది మీద ఇంకా ఎవరూ గోదాము అని రాయకముందే ఒకసారి వెళ్ళి చూడండి.