అమావాస్యను కాస్త మిగల్చండి

దీపావళి వచ్చిందంటే వీధి వీధంతా సీరియల్ లైట్లే. పిట్టగోడ మీంచి గేటు దాకా మిణుకు మిణుకుమనే ఆ రంగుల మధ్య, గడప దగ్గర పెట్టిన ప్రమిద వెలుగుతోందో లేదో వంగి చూస్తే గానీ తెలియదు. ఏరికోరి ఆశ్వయుజ అమావాస్య నాడు చేసుకునే పండగ ఇది. ఆ చీకటిని స్విచ్చి నొక్కి తరిమేశాక ప్రమిదకు పనేముంది? అందుకే మా ఇంట్లో పొద్దుగూకగానే వీధివైపు కరెంటు దీపాలన్నీ ఓ గంటసేపు ఆపేస్తాం.

ఆ గంట కోసం పని ముందురోజే మొదలవుతుంది. కొత్త ప్రమిదల్ని రాత్రంతా నీళ్లలో నాననిచ్చి, తీసి ఆరబెట్టాలి. లేకపోతే పోసిన నూనె మట్టే తాగేస్తుంది. వత్తిని కొసదాకా నువ్వులనూనెలో తడిపి, ప్రమిద అంచు దాటి గోరంత మాత్రమే బయట ఉంచాలి. ఎక్కువ లాగితే మంట పెద్దదవుతుంది నిజమే, కానీ పొగ చూరి గోడంతా మసి.

ఇక పూలు. బంతి ఎక్కడో మెక్సికో వైపు నుంచి వచ్చిన మొక్క అంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. నమ్మకపోవడంలో న్యాయముంది, కడియపులంక పూల మార్కెట్‌లో ఆ రాశుల ముందు నిలబడితే బంతి మనది కాదని ఎవరు మాత్రం అనగలరు! పువ్వు అడుగున పచ్చని మొదలు నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే తాజా పువ్వు. గుచ్చేదాకా నీళ్లు చల్లకూడదు, తడి రేకులు త్వరగా కుళ్లుతాయి. మామిడాకుల్ని పురికొస మీదుగా మడిచి కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చితే గాలికి జారవు. గడప పక్కన మాత్రం పసుపు బంతి, తెల్ల చామంతే పెట్టండి. పగలు ఎంతో నిండుగా కనిపించే ముదురు ఎర్ర పూలు ప్రమిద వెలుగులో నల్లబడిపోతాయి.

కోస్తా ఊళ్లలో పిల్లలు గోగుపుల్లలకు నూనెగుడ్డ వత్తులు కట్టి వెలిగించి, నేలకు కొట్టి ఆర్పి, కాళ్లు కడుక్కుని మిఠాయి తింటారు. ఆ చిన్న మంటలకూ చీకటే కావాలి.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు కారిడార్ లైటు ఆపేముందు పక్కింటివాళ్లకు ఓ మాట చెప్పండి. పెద్దవాళ్లు దిగే మెట్ల దగ్గర దీపం మాత్రం ఆర్పకండి.