శ్రుతి లేని పొర

నా చదువుగది నిడివి 11 అడుగులు. ప్రక్క ప్రాంగణమునందలి జనరేటరు నడచినపుడెల్ల ఆ గది తానొక వాద్యమైనట్లు మ్రోగును. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజనులో సెకనుకు 50 మార్లు ఇంధనము మండును గనుకను, 11 అడుగుల ఎడముగల ఎదురెదురు గోడల నడుమ పుట్టు తొలి అనునాదము కూడ సుమారు 50 హెర్ట్జులే గనుకను, ఆ రెండింటికిని చక్కగా పొత్తు కుదిరినది. నడుమ నలిగినవాడను నేను.

గోడలకు బొంతలు వ్రేలాడగట్టితిని. గడియారపు టిక్కు మాయమైనది, వీథిలోని కేకలు మెత్తబడినవి, ఆ ఘూంకారము మాత్రము చెక్కుచెదరలేదు. బొంత మ్రింగగలిగినది గాలి కదలికను. గోడ నంటియున్న గాలి కదలదు, దాని ఒత్తిడి మాత్రమే హెచ్చి తగ్గుచుండును. దాదాపు 7 మీటర్ల తరంగదైర్ఘ్యముగల ఆ ధ్వనిని బొంతతో పట్టవలెనన్న దానిని గది నడిమధ్యన కట్టవలెను. అపుడు నాకు చోటేది?

ఒకే స్వరమునకు శ్రుతిచేసిన శోషకములు లేకపోలేదు. కాని ఇంజను మీద భారము మారి స్వరము కొంచెము జారినచో అవి చెవిటివగును. మార్సెయ్ నగరమున బ్రూనో కోష్లాన్, ఆయన సహచరులు 2006 ప్రాంతమునుండి చేసిన ప్రయోగములు నన్నాకర్షించినది ఇందువలననే. మన మార్దంగికుడు రాతితో అంచును తట్టి తట్టి తోలునకు నిశ్చిత శ్రుతిని కల్పించును. నల్లని ముద్ద పూసిన ఆ తోలు శ్రావ్యమైన అనుస్వరములను పలుకునని రామన్ 1920లో చూపినాడు. కోష్లాన్ బృందపు పనితనమంతయు అందుకు విపర్యయము. పలుచని లేటెక్స్ రబ్బరు పొరను వదులుగా బిగించి, ఒక ముఖమును లోపలి ధ్వనికి, రెండవ ముఖమును వెలుపలికి త్రిప్పుదురు. పొర ఎంత ఉబ్బిన అంతకు మించి బిరుసెక్కును. కంపన విస్తారముతోపాటు దాని స్వరమును పైకెక్కును. ఆ విధముగా ఎక్కుచు ఎక్కుచు ఎదుటి ధ్వనిని అందుకొని, దాని శక్తిని రబ్బరులోని రాపిడిచే వేడిగా మార్చివేయును. కంపము తగ్గినంతనే స్వరము క్రిందికి జారి పొత్తు తెగిపోవును గావున, తీసికొన్నది తిరిగి ఇచ్చుట దాదాపు పొసగదు. అరేఖీయ శోషకమను గంభీరమైన పేరు వెనుకనున్న చమత్కారమింతే.

ఉత్సాహముతో కిటికీ రెక్కకు రంధ్రము తొలిపించి నేనును ఒక రబ్బరు పొరను బిగించితిని. (ఇంటివారి వ్యాఖ్యలను ఇచట ఉదాహరింపను.) ఫలితము శూన్యము. ధ్వని ఒక హద్దు మీరిన తీవ్రతతో తాకినగాని ఈ పొర మేల్కొనదు. నా జనరేటరు నిద్ర చెరచునంతటిదే కాని, పొరను మేల్కొల్పునంతటిది కాదు. ఇది గర్జించు యంత్రములున్న చోట్లకు తగిన ఔషధము, చదువుగదికి కాదు. ఆ తొలి అనునాదమునకు గది నడుమ ఒత్తిడి కనిష్ఠము. నా కుర్చీ ఇపుడు అక్కడనే ఉన్నది.