పూయని రంగు

లండన్ మార్గరెట్ స్ట్రీట్‌లోని ఆల్ సెయింట్స్ చర్చిని గోడకు ఆనుకునేంత దగ్గరగా చూడాలి. ఎర్ర ఇటుకల మధ్య నల్ల ఇటుకల పట్టీలు, మెలికల గీతలు. అది పూసిన రంగు కాదు, పేర్చిన రంగు. తాపీ పట్టినవాడు ఒక్క వరస తప్పితే నగిషీ అంతా చెడుతుంది.

ఈ గోడల్ని ఊహించిన విలియం బటర్‌ఫీల్డ్ 1831లో ఒక బిల్డర్ దగ్గర పనికి కుదిరినవాడు. ఇటుకంటే అంత మమకారం ఊరికే రాలేదేమో!

జాగా మాత్రం ఇరుకు. చర్చి, పాదిరీల ఇల్లు, గాయక బాలల బడి, మూడూ ఒక చిన్న వాకిలి చుట్టూ ఇమిడ్చాడు. పక్కకు చోటు లేదు కాబట్టి పైకి వెళ్ళాడు: శిఖరం 227 అడుగులు!

1859లో చర్చి తెరిచాక కూడా ఆయన చెయ్యి ఆగలేదు. 1873లో ఉత్తరపు గోడ నిండా టైళ్ళ బొమ్మలు పరిచారు. వాటి రూపకల్పనా ఆయనదే.